పెట్రోమాక్స్ సొద, తాళాల మోత

కొమురవెల్లి మల్లన్న కథల క్యాసెట్లు ఇప్పటికీ సిద్దిపేటలోని మా దుకాణానికి వస్తుంటాయి. అట్టల మీద బాల్‌పెన్నుతో ‘వరంగల్ జిల్లా’ అని రాసుంటుంది. 2016 అక్టోబరులో జిల్లాలు మారి కొమురవెల్లి మాదైంది గానీ, అట్టలను ఎవరు దిద్దుతారు! “మా తాత చెప్పిన కథ, జర సాఫ్ చేసియ్యే అన్నా” అంటారు తెచ్చినవాళ్లు. చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటి ఒగ్గు కథకుల పేర్లు నలుగురికీ తెలిశాయి. ఊళ్లలో ఈ కథలు చెప్పే ఒగ్గు పూజారుల గొంతులకు మిగిలింది ఈ ఇంటి టేపులే.

ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్‌ను తెచ్చింది పాటల కోసం కాదు, మాటలు ఎక్కించుకోవడానికి. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల లోపే, నడక సెకనుకు 4.76 సెంటీమీటర్లు. అంత సన్నటిది అంత నిదానంగా నడిస్తే ‘సుయ్’మనే సొద తప్పదు. దానికి మందు కనిపెట్టిన రే డాల్బీ అంతకుముందు రెండేళ్లు ఐక్యరాజ్యసమితి సలహాదారుగా మన దేశంలోనే పనిచేశాడు. 1965లో లండన్‌లో కంపెనీ పెట్టాడు. 1968లో ఇళ్లలోని మెషీన్ల కోసం వచ్చిన డాల్బీ-బి కిటుకు చిన్నదే: మెల్లగా వినబడే సన్న శబ్దాలను రికార్డింగప్పుడు పెంచి ఎక్కించాలి, వినేటప్పుడు అంతే తగ్గించాలి. పెంచినవి ఉన్నచోటికి దిగుతాయి, సొద మాత్రం దాదాపు 10 డెసిబెల్స్ అణుగుతుంది.

మా దగ్గర ఈ లెక్క సగమే నడిచింది. ఊళ్లలో కథలు ఎక్కించింది డాల్బీ లేని టూ-ఇన్-వన్‌ల మీద. ఆ క్యాసెట్‌ను మంచి డెక్కులో వేసి డాల్బీ బటన్ నొక్కితే, ఎన్నడూ పెంచనిదాన్ని తగ్గించి వినిపించేది. తాళాలు దుప్పటి కప్పుకున్నట్టు మూగబోయేవి. దాన్నే ‘చప్పుడు పోయింది’ అని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

ఒగ్గు కథ రాత్రంతా సాగేది. డోలు, తాళాలు, ఒగ్గు, వంతగాళ్ల ‘ఆఁ’. పక్కన పెట్రోమాక్స్ లైటు. దాని సొద, టేపు సొద, తాళాల మోత మూడూ కలిసేది పై స్థాయిలోనే. రికార్డర్‌లోని మైకు తన మోటారు గుర్రును కూడా ఎక్కించుకునేది. వీటన్నిటికన్నా చిక్కు, రికార్డింగ్ మోతాదును తనంతట తానే పెంచి తగ్గించే ఆటోమేటిక్ లెవల్‌ది. కథకుడు దమ్ము తీసుకుంటే సొద మెల్లగా ఉబ్బి పైకొస్తుంది, గొంతెత్తగానే అణుగుతుంది.

కంప్యూటర్లలోకి ఆడాసిటీ వచ్చింది 2000లో, అదీ ఉచితంగా. వట్టి చప్పుడున్న ముక్కను చూపిస్తే నమూనా తీసుకుని, టేపంతా దాన్ని తగ్గిస్తుంది. ఆ ముక్క ఎక్కడ తీసుకోవాలన్నదే అసలు పని. టేపు మొదట్లో ఏమీ ఎక్కని చోట తీసుకుంటే అందులో పెట్రోమాక్స్ ఉండదు. దమ్ము తీసుకున్న చోట తీసుకుంటే సొద ఉబ్బి ఉంటుంది కాబట్టి నమూనా అసలుకన్నా ఎక్కువవుతుంది, మాటల చివరి అక్షరాలు తెగిపోతాయి. మాట ఆగిన మరుక్షణం, సొద ఇంకా లేవకముందే, చిటికెడు ముక్క దొరకాలి. తగ్గింపు 6 డెసిబెల్స్ పెడతాను. 20 పెడితే గొంతు చుట్టూ టేపులో లేని సన్న గలగలలు పుడతాయి. నా లెక్కన సగం పని కంప్యూటర్ ముట్టకముందే అయిపోవాలి: స్పిరిట్ దూదితో హెడ్డు తుడిచి, దాని పక్కనున్న చిన్న స్క్రూను తాళం మోత విచ్చుకునేదాకా వెంట్రుకవాసి తిప్పాలి.

ఒక ఒగ్గు పూజారి మనవడితో వచ్చాడు. మనవడికి స్టూడియో లెక్క కావాలి. ఎక్కువ తగ్గించిందీ, తక్కువ తగ్గించిందీ రెండూ వినిపించాను. మొదటిది మనవడికి నచ్చింది. పెద్దాయన హెడ్‌ఫోన్ తీసి, “మా వంతగాడేడి బిడ్డా?” అన్నాడు. మైకుకు దూరంగా కూర్చున్న వంతగాడి ‘ఆఁ’ సొదతోపాటే కొట్టుకుపోయింది. రెండో దాంట్లో సొద ఉంది, వంతగాడూ ఉన్నాడు.

అప్పటి నుంచి పెన్‌డ్రైవ్‌లో మూడు ఫైళ్లు ఇస్తున్నాను: సాఫ్ చేసినవి రెండు, చెయ్యి పెట్టని అసలు టేపు ఒకటి. మూడోదానికి పైసలు తీసుకోను. మనవడు ఎక్కువ తగ్గించినదాన్నే ఫోన్‌లో వేసుకున్నాడు.