సైన్యం విడిచిన తుపాకి, వేటగాడి చేతిలో

ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో సామాన్య సంసారి చేతికి వచ్చిన వేట తుపాకి చాలా సందర్భాల్లో సైనిక గిడ్డంగి నుంచి వచ్చింది. ఒక యుద్ధం కోసం లక్షల సంఖ్యలో తయారై, యుద్ధం ముగిశాకో కొత్త నమూనా వచ్చాకో అక్కరలేకుండా పోయిన బోల్ట్ యాక్షన్ రైఫిళ్ళను ప్రభుత్వాలు తక్కువ ధరకు అమ్మివేస్తే, వాటిని కొన్నవారు కోసి, చెక్కి, నునుపు చేసి వేటకు అనువుగా మలచుకునేవారు. ఈ మలచడాన్నే స్పోర్టరైజింగ్ అనీ, అలా మారిన తుపాకిని స్పోర్టర్ అనీ అన్నారు. దాదాపు అరవై ఏళ్ళపాటు బాగుచేయడంగా చలామణి అయిన ఈ పనిని నేటి సేకర్తలు పాడుచేయడంగా లెక్కగడుతున్నారు. ఈ మార్పును రుచి భేదంగా తీసిపారేయడానికి వీలులేదు. చట్టాలు, ధరలు, సరుకు లభ్యత ఈ మూడూ కలిసి దాన్ని నడిపించాయి.

బోల్ట్ యాక్షన్ అంటే గొట్టం వెనుక భాగాన్ని మూసే ఉక్కు కడ్డీకి ఒక పిడి అమర్చి, ఆ పిడిని పైకెత్తి వెనక్కి లాగితే పేలిన తూటా ఖాళీ గుల్ల బయటపడేలా, ముందుకు నెట్టి కిందికి దించితే కొత్త తూటా లోపలికి చేరి తలుపు గడియ పడినట్టు బిగుసుకునేలా చేసిన ఏర్పాటు. రష్యా 1891లో స్వీకరించిన మోసిన్ నాగాంట్, బ్రిటన్ లీ ఎన్‌ఫీల్డ్, ఇటలీ కార్కానో, జపాన్ అరిసాకా ఈ జాతివే. వీటన్నిటిలో అత్యంత ప్రభావం చూపినది జర్మనీకి చెందిన పాల్ మౌజర్ 1898లో పూర్తిచేసిన నమూనా. అమెరికా సొంతమని చెప్పుకున్న 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ దానికి ఎంత దగ్గరగా ఉండేదంటే, పేటెంటు హక్కుల కింద అమెరికా ప్రభుత్వం మౌజర్ కంపెనీకి 2 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది.

మిగులు ఆయుధాల వ్యాపారం అంతకు ముందే వేళ్ళూనుకుంది. 1898 నాటి స్పెయిన్ యుద్ధం తరువాత న్యూయార్క్ వర్తకుడు ఫ్రాన్సిస్ బానర్‌మన్ టోకున ఆయుధాలూ మందుగుండూ కొని, నగరంలో నిల్వ చేయడం ప్రమాదమని 1900లో హడ్సన్ నదిలోని ఒక దీవిని కొని అక్కడ కోటలాంటి గిడ్డంగి కట్టించాడు. 1905లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రభుత్వపు మిగులు రైఫిళ్ళను గురి సాధన చేసే పౌర సంఘాలకు అమ్మడానికి అనుమతించింది. పౌరుడికి గురి కుదిరితే రేపటి సైనికుడు సిద్ధంగా ఉంటాడన్నది దాని వెనుక ఆలోచన. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత నేషనల్ రైఫిల్ అసోసియేషన్ సభ్యులకు సైన్యం పక్కనపెట్టిన పాత క్రాగ్ రైఫిల్ డాలరున్నరకు దొరికింది.

అయితే స్పోర్టర్ పుట్టింది పేదవాడి ఇంట్లో కాదు. అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ 1903లోనే స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం చేత తనకోసం ఒక వేట రైఫిల్ చేయించుకుని, 1909లో ఆఫ్రికా వేటకు దాన్ని వెంట తీసుకువెళ్ళాడు. 1923లో న్యూయార్క్‌లో మొదలైన గ్రిఫిన్ అండ్ హో సంస్థ సైనిక రైఫిల్‌ను మేలైన వాల్‌నట్ చెక్కతో, చేతి నగిషీతో ధనికుల ఆస్తిగా మార్చింది. 1920లలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారమే కొన్ని స్పోర్టర్లను తయారుచేసి పౌరులకు అమ్మింది. పెద్దింటి పద్ధతిని చిన్నింటివారు తమ చేతులతో అనుకరించడం ఆ తరువాతి దశ.

ఆ పని ఎలా సాగేదో కొంత వివరంగా చూడాలి. సైనిక రైఫిల్‌లో గొట్టం దాదాపు కొస వరకూ చెక్కలో మునిగి ఉంటుంది. కాలిన గొట్టం సైనికుడి చేతికి తగలకుండా, బాయొనెట్ పోరులో తుపాకి విరగకుండా ఉండేందుకు చేసిన ఆ ఏర్పాటు అడవిలో నడిచే వేటగాడికి వట్టి బరువు. కాబట్టి మొదట ముందు చెక్కను సగానికి కోసి కొసను గుండ్రంగా అరగదీసేవారు, పై చెక్కనూ బాయొనెట్ కొక్కేన్నీ తీసేసేవారు, గొట్టాన్ని కొన్ని అంగుళాలు తగ్గించేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరవై లక్షలకు పైగా తయారైన 1917 ఎన్‌ఫీల్డ్ మీద వెనుక గురికి రెండు వైపులా నిలబడే ఉక్కు చెవులను సానరాయితో అరగదీయడం ఒక్కటే ఒక పూట పని. దూరదర్శిని అమర్చాలంటే రిసీవర్‌కు, అంటే బోల్టు కదిలే ఉక్కు గూడుకు, మరలకోసం రంధ్రాలు వేయాలి. నిటారుగా లేచే బోల్టు పిడి దూరదర్శినికి తగలకుండా కొలిమిలో కాల్చి వంచాలి. ఈ చివరి రెండు పనులనూ వెనక్కి మళ్ళించడం సాధ్యం కాదు. కోసిన చెక్కకు బదులు వేరే చెక్క దొరకవచ్చు గాని, రంధ్రం పడిన రిసీవర్‌ను పూడ్చినా మచ్చ మిగులుతుంది.

ఇందులో ప్రాణాపాయమూ ఉంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో తయారై 8,00,000 కంటే తక్కువ వరుస సంఖ్య ఉన్న 1903 రైఫిళ్ళు, రాక్ ఐలండ్‌లో తయారై 2,85,507 కంటే తక్కువ సంఖ్య ఉన్నవి ఈనాటికీ అనుమానాస్పదాలే. ఆ రోజుల్లో ఉక్కు ఎంత వేడెక్కిందో పనివాళ్ళు దాని ఎరుపును కంటితో చూసి నిర్ణయించేవారు. ఎండ బాగా కాసిన రోజున ఆ ఎరుపు వెలవెలబోయి కనిపించడంతో అవసరానికి మించి కాల్చగా కొన్ని రిసీవర్లు పెళుసుబారి, తరువాత పగిలి కాల్చినవారిని గాయపరిచాయి. అరగదీయడమూ రంధ్రాలు వేయడమూ నేర్చినంత మాత్రాన ఇంటి పనివాడికి ఈ లోపలి బలహీనత కనిపించదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగియడంతో ఈ వృత్తి పతాకస్థాయికి చేరింది. పసిఫిక్ నుంచి తిరిగివచ్చిన సైనికులు జపాన్ అరిసాకాలను జ్ఞాపికలుగా తెచ్చుకున్నారు. లొంగుబాటు సమయంలో చాలావాటి మీది చక్రవర్తి చామంతి ముద్రను చెరిపివేశారు గనుక, ముద్ర చెరగని రైఫిల్‌కు నేడు ఎక్కువ విలువ పలుకుతోంది. గుడ్డ సంచిలో పట్టేందుకు కొందరు చెక్కను పట్టీ కింద రెండుగా కోశారు, ఆ కోత గుర్తును సేకర్తలు ఇప్పటికీ సైనికుడి చేతి ముద్రగానే చదువుతారు. మాజీ సైనికుల చదువు ఖర్చును ప్రభుత్వం భరించడంతో కొలరాడోలోని ట్రినిడాడ్ కళాశాల 1940ల చివరలో తుపాకి పని నేర్పే శిక్షణ మొదలుపెట్టింది. 1953లో శామ్యూల్ కమింగ్స్ స్థాపించిన ఇంటరార్మ్‌కో సంస్థ వర్జీనియాలోని అలెగ్జాండ్రియా రేవు గిడ్డంగులను యూరప్ దేశాల మిగులు రైఫిళ్ళతో నింపింది.

చవక సరుకు వరద దేశీయ తయారీదారులను కలవరపెట్టింది. మాసచూసెట్స్, కనెక్టికట్ తుపాకి కర్మాగారాల ఉపాధిని దృష్టిలో పెట్టుకుని సెనేటర్ జాన్ ఎఫ్. కెనెడీ 1958లో విదేశీ మిగులు సైనిక రైఫిళ్ళ దిగుమతిని నిషేధించే బిల్లు ప్రవేశపెట్టాడు; అది ఆ రూపంలో చట్టం కాలేదు. ఐదేళ్ళకు, 1963 నవంబరు 22న, అధ్యక్షుడిగా ఉన్న అదే కెనెడీని చంపినది షికాగో వ్యాపారి నుంచి దూరదర్శినితో కలిపి 19.95 డాలర్లకు టపాలో తెప్పించిన ఇటలీ కార్కానో. 1968 తుపాకి నియంత్రణ చట్టం టపా ద్వారా అమ్మకాలనూ, సైనిక మిగులు దిగుమతులనూ ఆపింది. అప్పటికే తక్కువ ధర కర్మాగార వేట రైఫిళ్ళు బజారులోకి వచ్చాయి గనుక, పాత తుపాకిని కోసి శ్రమపడే అవసరమూ అక్కడితో తగ్గుముఖం పట్టింది.

1984లో పాత తుపాకుల దిగుమతికి మళ్ళీ దారి తెరిచినప్పుడు చట్టం పెట్టిన షరతు మొత్తం దృష్టిని మార్చివేసింది. యాభై ఏళ్ళు దాటి, అసలు సైనిక రూపంలో ఉన్న రైఫిలే చారిత్రక వస్తువుగా గుర్తింపు పొందుతుంది, కోసినది పొందదు. సోవియట్ పతనం తరువాత కాస్మోలిన్ అనే చిక్కటి జిడ్డు పూసిన మోసిన్ నాగాంట్లు చెక్క పెట్టెల్లో వచ్చినప్పుడు, కొన్నవారిలో చాలామంది వాటిని కోయకుండా తుడిచి, బోల్టు మీది సంఖ్యా రిసీవర్ మీది సంఖ్యా కలుస్తున్నాయా అని చూసుకుని దాచుకున్నారు.

భారతదేశంలో ఇదే కథ వేరే దారిన నడిచింది. పోలీసు ఠాణాల్లోనూ ఎన్.సి.సి. కవాతుల్లోనూ చూసి తెలుగువారు త్రీనాట్‌త్రీ అని పిలుచుకున్న లీ ఎన్‌ఫీల్డ్ బెంగాల్‌లోని ఈశాపూర్ కర్మాగారంలో తయారయ్యేది. సైన్యం వాడే తూటా పౌరుల చేతికి వెళ్ళరాదన్న బ్రిటిష్ నియమం వల్ల, అదే బోల్టు ఏర్పాటుకు .315 తూటా జోడించి పౌరుల కోసం ప్రత్యేకంగా వేట రైఫిల్ చేశారు, స్వతంత్ర భారతంలోనూ .303 నిషిద్ధ కొలతగానే కొనసాగింది. అమెరికాలో కొనుగోలుదారుడు రంపం పట్టి చేసుకున్న పనిని ఇక్కడ చట్టానికి లోబడి కర్మాగారమే చేసి పెట్టిందన్నమాట. 1960లలో నాటో తూటాకు అనువుగా ఈశాపూర్ చేసిన 2ఏ1 రైఫిళ్ళు తరువాత మిగులు సరుకుగా అమెరికా చేరాయి.

కోయని సైనిక రైఫిల్‌ను నేడు కోయడానికి సబబైన కారణమేదీ మిగలలేదు. కానీ 1950లలో ఒక గనికార్మికుడో రైతో ఇంటి షెడ్డులో ఆకురాయితో మలచుకున్న రైఫిల్‌ను తక్కువగా చూడడం కూడా న్యాయం కాదు, ఎందుకంటే అది ఒక తరం చేతి పనికీ పొదుపుకూ సాక్ష్యం. దానికి వేరే భాగాలు తగిలించి సైనిక వేషం వేయడం కంటే, ఉన్నది ఉన్నట్టు భద్రపరచి ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసిపెట్టడం మేలు. పేరున్న సంస్థలు తమ పని మీద ముద్ర వేశాయి గాని, ఇళ్ళలో జరిగిన పనిలో అధిక భాగానికి చేసినవారి పేరే లేదు.