తేనెటీగ వాలిన చాకు

మా ఇంట్లో ఫ్రాన్సు నుంచి వచ్చిన చాకు ఒకటుంది. దాని మూలంగా పోయిన సంక్రాంతికి నాకూ మా మరిదికీ రెండు రోజులు మాటల్లేవు. ఇంతకీ అది చాలా అందమైన చాకు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు మామయ్యగారి పాత చాకు సంగతి చెప్పాలి. ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేసి ఆరేళ్ళయినా, లాల్చీ జేబులో చాకు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. చెక్క పిడి, ఇనప బ్లేడు. పిల్లలకి పెన్సిళ్ళు చెక్కడం, జామకాయ నాలుగు ముక్కలు చేసి ఉప్పూ కారం అద్దివ్వడం, పార్సిళ్ళ తాళ్ళు కోయడం, అన్నీ దాంతోనే. వంటింట్లో నాకు అరడజను కత్తులున్నా ఒక్కటీ ముట్టుకునేవారు కాదు. "నీ కత్తులు నీవి, నా చాకు నాదమ్మాయ్" అనేవారు. వాడి వాడి దాని కీలు వదులైపోయింది. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచేతి పట్టు తప్పాక ఆ వదులే ఆయనకి కలిసొచ్చింది. ఎడమచేత్తో పట్టుకుని తొడకేసి రుద్దితే తెరుచుకునేది, తొడకేసి నొక్కితే మూసుకునేది.

మా మరిది తూలూజ్‌లో విమానాల కంపెనీలో ఇంజనీరు. పండక్కి వస్తూ వాళ్ళ నాన్నకి చెక్కపెట్టెలో ఈ చాకు తెచ్చాడు. ఆవుకొమ్ముతో చేసిన పిడి, తేనెరంగులో, నడుము దగ్గర సన్నగా వంపు తిరిగి ఉంటుంది. పిడి వెనకవైపు స్ప్రింగు చివర ఒక తేనెటీగ బొమ్మ. స్ప్రింగు పొడవునా ఆకురాయితో చెక్కిన నగిషీ. "దీని పేరు లయోల్, వదినా. వంద యూరోలు దాటింది" అన్నాడు. చాకు ఊరికే ఇస్తే స్నేహం తెగుతుందని అక్కడ నమ్ముతారట, పుచ్చుకున్నవాళ్ళు ఒక నాణెం ఇవ్వాలట. మామయ్యగారు నవ్వుతూ రూపాయి బిళ్ళ ఇచ్చారు. మన వాళ్ళు ఉప్పూ మిరపకాయలూ చేతికివ్వరు కదా, ఆ నమ్మకం ఎవరికీ వింతగా అనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరం పడుకున్న వేళ ఆయన దాన్ని ఒక్కరే తెరవబోయారు. బ్లేడు మీద గోరు దూర్చే చిన్న గాడి ఉంటుంది. ఒక చేత్తో పిడి పట్టుకుని రెండో చేతి గోరుతో లాగాలి. ఆయన మోకాళ్ళ మధ్య ఇరికించి ఎడమచేత్తో లాగారు. సగం తెరుచుకుంది. స్ప్రింగు గట్టిది, జారి ఫట్‌మని మూసుకుంది. బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి. పనిచేసే ఒక్క చెయ్యీ కట్టుతో వారం కూర్చుంది. అన్నం నేను కలిపి పెడితే తినాల్సి వచ్చినందుకు ఆయన మొహం ఎలా ఉందో నేను చెప్పలేను.

నోరు ఊరుకుంటుందా? "అంత డబ్బు పోసి కొన్నదానికి ఒక లాకు పెట్టడం చేతకాలేదా వాళ్ళకి? ఈగ బొమ్మ పెట్టడానికి చోటు దొరికిందిగా!" అనేశాను. మరిది మొహం మాడిపోయింది. వాళ్ళ నాన్నకి ఉన్నవాటిల్లోకెల్లా మంచిది తేవాలనే తెచ్చాడు పాపం. కోపం తగ్గాక నాకే ఆ ప్రశ్న బుర్రలో ఉండిపోయింది. నిజంగానే, ఎందుకు పెట్టలేదు? చదవడం మొదలుపెట్టాను. ఫ్రెంచి చదివి చెప్పడానికి మళ్ళీ ఆ మరిదే దిక్కు, అలా మాటలూ కలిశాయి.

లయోల్ అనేది కంపెనీ పేరు కాదు, ఊరి పేరు. ఫ్రాన్సు నడిబొడ్డున ఓబ్రాక్ అనే పీఠభూమి మీద, వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. రాసేటప్పుడు అందులో గకారం ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు. ఆవులు, గడ్డి, జున్ను, చలి. అంతే అక్కడి బతుకు. చలికాలంలో మగవాళ్ళు దక్షిణాన స్పెయిన్ వైపు రంపం కోత పనులకి వలసపోయేవారు. అక్కడి మడతకత్తిని చూసి, తమ ఊళ్ళో వాడే మామూలు కత్తిని దానితో కలిపి మడతచాకు చేసుకున్నారంటారు. 1820ల చివర పియెర్ జాన్ కాల్మెల్స్ అనే ఆయన దానికి ఈనాటి రూపం తెచ్చాడని చెప్పుకుంటారు.

అది మొదట ఉత్త రైతు చాకు. 1840 ప్రాంతంలో దానికి దబ్బనంలాంటి ముల్లొకటి చేర్చారు. ఎందుకంటే పశువుల కాపరికి అది కావాలి. తోలుకి కన్నాలు పొడుచుకోవడానికి పనికొచ్చేది. తడి మేత మేసి ఆవు పొట్ట ఉబ్బితే డొక్కలో పొడిచి గాలి తీసేవారట. ఇది చదివి మామయ్యగారికి చెబుదామని పరిగెత్తాను. ఆయన తాపీగా, "పెట్టె తీసిన రోజే చూశానమ్మాయ్ ఆ ముల్లు. మంచులో తడిసిన పిల్లిపెసర మేస్తే మన గేదెలకీ అంతే. ఎడమ డొక్కలో పొడవాలి. కుడివైపు పొడిచావో, గేదె నీది కాదు" అన్నారు. మరి ఆ రెండోది, మెలి తిరిగి ఉన్నది ఏమిటని అడిగారు. సీసా బిరడా పీకేదని చెబితే, "మనింట్లో దానికి పనిలేదు" అని మూసేశారు.

ఆ బిరడా పీకే మర కథ నాకు మరీ నచ్చింది. కొండల్లో బతుకు గడవక ఆ చుట్టుపక్కల వాళ్ళు పారిస్ వలసపోయారు. మొదట్లో నీళ్ళు మోశారు, బొగ్గు మోశారు. తర్వాత బొగ్గుల కొట్టులోనే ఒక మూల ద్రాక్షసారా అమ్మడం మొదలుపెట్టారు. మగవాడు బొగ్గు బస్తా వీపున వేసుకుని మేడలెక్కుతుంటే, ఆడమనిషి కౌంటరు దగ్గర గ్లాసులు నింపేది. అలా అలా పారిస్ కాఫీ హోటళ్ళు చాలావరకు ఈ కొండవాళ్ళ చేతుల్లోకి వచ్చాయి. లిప్ అనే పేరుమోసిన హోటల్ని 1920లో కొన్న మార్సెల్లాన్ కాజ్ ఈ లయోల్ ఊరివాడే. రోజంతా సీసాలు తెరిచే వాళ్ళకి ఏం కావాలి? 1880లో చాకుకి మర వచ్చి చేరింది. ఆ వంశం ఆడవాళ్ళు ఆ కౌంటర్ల వెనక ఎన్ని వేల బిరడాలు పీకారో ఎవరూ లెక్క రాయలేదు.

ఇక తేనెటీగ. నెపోలియన్ ఆ ఊరి వాళ్ళ వీరత్వానికి మెచ్చి తన రాజముద్రలోని తేనెటీగని వాడుకోనిచ్చాడని దుకాణాల్లో కథ చెబుతారు. నెపోలియన్ 1821లో పోయాడు. చాకు పుట్టిందే ఆ తర్వాత. తేనెటీగ దాని మీద వాలింది ఇంకా చాలా ఆలస్యంగా, 1908, 1909 ప్రాంతంలో. అసలు స్ప్రింగు చివరి భాగాన్ని అక్కడి పనివాళ్ళు ఎప్పటినుంచో "ఈగ" అనే పిలుస్తారు, దాని మీద బొమ్మ ఉన్నా లేకపోయినా. అది ఈగా తేనెటీగా అని వాళ్ళలో ఇంకా వాదన ఉంది. తెలుగులో ఆ గొడవే లేదు. తేనె ఈగ కాబట్టే అది తేనెటీగ.

ఇక్కడ నాకొకటి తట్టింది. 1840లో ముల్లు, 1880లో మర. ఆ తర్వాత చేరిందల్లా బొమ్మ. తరువాత్తరువాత స్ప్రింగు మీద తీగలూ ఆకులూ చెక్కడం, పిడిలో చిన్న చిన్న మేకులతో సిలువ గుర్తు పొదగడం. తుప్పు పట్టని ఉక్కు వచ్చింది, నిజమే. తెరిచే పద్ధతి, మూసే పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయాయి. ఇప్పటికీ చాలా లయోళ్ళకి లాకు లేదు. బ్లేడుని నిలబెట్టేది స్ప్రింగు బిగువొక్కటే. మూసేటప్పుడు వదిలేయకూడదు, చేత్తో నెమ్మదిగా దింపాలి, లేకపోతే పదును వెళ్ళి స్ప్రింగుకి కొట్టుకుంటుంది అని చేసేవాళ్ళే చెబుతారు.

లాకు పెట్టడం అంత బ్రహ్మవిద్యా అంటే కాదు. అదే ఫ్రాన్సులో, సవాయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో చెక్క పిడితో ఒక సాదా చాకు చేశాడు. అందం సంగతి సరే, పని చేసుకునేవాడి చేతిలో పట్టే చాకు. ఆ కుటుంబం వాళ్ళే 1955లో దానికొక రింగు పెట్టారు. తిప్పితే బ్లేడు కదలదు. అంతే, ఒక రేకు ఉంగరం! స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1897లో ఒకే స్ప్రింగు మీద రెండువైపులా పనిముట్లు అమర్చి సైనికాధికారుల చాకు చేశాడు. తల్లి పోయాక ఆవిడ పేరు విక్టోరియానే కంపెనీకి పెట్టుకున్నాడు. విక్టోరినాక్స్‌లో ఉన్నది ఆ అమ్మే. ఇక 1981లో అమెరికాలో బ్లేడుకి ఒక గుండ్రటి కన్నం పెట్టారు. అందులో బొటనవేలు దూర్చి నెడితే ఒంటిచేత్తో తెరుచుకుంటుంది. మామయ్యగారికి కావలసింది అది.

మరి లయోల్ వాళ్ళకి తెలీకనా? ఆ ఊళ్ళోనే చాకుల పని దాదాపు ఆగిపోయింది ఒకప్పుడు. ఉత్తరాన తియేర్ అనే పట్టణం ఉంది, శతాబ్దాలుగా కత్తులు చేసే ఊరు. ఏటి ప్రవాహంతో సాన రాళ్ళు తిరిగేవి. పనివాళ్ళు రాయి మీదుగా వేసిన బల్ల మీద బోర్లా పడుకుని రోజంతా సానపట్టేవారు, చలికి కాళ్ళ మీద కుక్కల్ని పడుకోబెట్టుకుని. ఆ బొమ్మలు చూశాక చాకు పదును నాకు వేరేలా కనబడింది. లయోల్ చాకులు ఎక్కువగా అక్కడే తయారయ్యేవి, అదీ చవగ్గా. 1980ల్లో ఊరివాళ్ళు పట్టుబట్టి పని వెనక్కి తెచ్చుకున్నారు. 1987లో కొత్త కార్ఖానా పెట్టారు. దాని నమూనా గీసింది ఫిలిప్ స్టార్క్ అనే పేరున్న డిజైనరు. కప్పులోంచి 18 మీటర్ల బ్లేడు ఆకాశంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. మరిది అక్కడ నిలబడి ఫొటో దిగాడు కూడా.

అప్పటికి ఆవులు కాచేవాడు ఆ చాకు కొనడం లేదు. కొనేవాళ్ళు యాత్రికులు, పట్నం వాళ్ళు, మా మరిది లాంటి కొడుకులు. ముల్లు కావాలని అడిగిన కాపరి తన ఆవుకోసం అడిగాడు, మర కావాలన్న హోటలువాడు తన సీసాకోసం. కొని పెట్టెలో పెట్టి ఇంకొకరికి ఇచ్చేవాడు ఏమడుగుతాడు? చూడగానే గుర్తుపట్టేలా ఉండాలంటాడు. మా పెళ్ళికి ఎవరో ఇచ్చిన వెండిపూత డిన్నర్ సెట్టు ఉంది. ఇరవై రెండేళ్ళుగా షోకేసులో కూర్చుంది. గిన్నె అంచు లోపలికి తిరిగి ఉంటుంది, గరిటె అడుగుకి అందదు. చేసినవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే ఇచ్చినావిడ అందులో వడ్డించలేదు, నేనూ వడ్డించలేదు.

పేరుకే విలువ వచ్చాక పేరు కోసమే తగువులూ వచ్చాయి. 1993లో ఊరికి సంబంధం లేని ఒక వ్యాపారి లయోల్ అనే పేరుని ట్రేడ్‌మార్కుగా రాయించుకున్నాడు. చైనాలో, పాకిస్తాన్‌లో చేసినవి కూడా తేనెటీగతో సహా ఆ పేరున అమ్ముడయ్యాయి. ఏళ్ళ తరబడి కోర్టులు. 2012లో ఊరివాళ్ళు ఒళ్ళుమండి, మా పేరు మాకే లేనప్పుడు ఇదెందుకని ఊరి బోర్డు పీకేశారు. అది చదివినప్పుడు నా కోపం కాస్త తగ్గింది. ఆ స్థితిలో ఉన్నవాళ్ళకి చాకు ఆకారంలో ఇసుమంత మార్చాలన్నా భయంగానే ఉంటుంది. మారిస్తే మాదని ఎలా చెప్పుకుంటారు? ఒక్క పనివాడు మొదట్నించి చివరిదాకా తన చేత్తో చేసే చాకులు ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉన్నాయి. ఆ నగిషీ పని చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అయినా మూడు కుట్లు మూడు కుట్లే.

కట్టు విప్పిన రోజు మామయ్యగారు చెక్కపెట్టె అడిగారు. నాకు గుండె జారింది. "బ్లేడు వద్దమ్మాయ్, ఆ ముల్లు ఒక్కటీ తీసి పెట్టు" అన్నారు. తీసి ఇచ్చాను. జబ్బు చేశాక కుడికాలు చిక్కి, ఆయన చెప్పు పట్టీ వదులైపోయింది. నెలల తరబడి కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంటే పక్షవాతం వల్లే అనుకున్నాం అందరం. పట్టీని పీట మీద పెట్టి, చాకుని ఎడమ అరచేత్తో అదిమి, ఉన్న కన్నాలకి లోపలగా మరో రెండు కన్నాలు పొడిచారు. గుండ్రంగా, ఒక్క పోగు లేవకుండా పడ్డాయి.

తూలూజ్ చేరాక మరిది ఫోన్ చేసి, బెరుగ్గానే, "నాన్నా, చాకు వాడుతున్నావా?" అని అడిగాడు.

"ముల్లు బాగుందిరా" అన్నారు ఆయన, పాత చాకుతో జామకాయ కోస్తూ.