మనస్తత్వ శాస్త్ర అధ్యయనంలో గణితము

మనస్తత్వ శాస్త్రంలో పట్టా చదువుకు కావలసిన గణితం ప్రధానంగా గణాంక శాస్త్రమే. కలన గణితం అవసరం సాధారణంగా రాదు. తెలంగాణలో ఇంటర్మీడియట్ ఏ గ్రూపుతో ఉత్తీర్ణులైనా బి.ఏ.లో చేరవచ్చును కనుక, మంచిర్యాల జిల్లాలోని బెల్లంపల్లి వంటి సింగరేణి పట్టణంలో సి.ఇ.సి., హెచ్.ఇ.సి. చదివినవారికి కూడా ఈ దారి తెరిచే ఉన్నది. అయితే గణితాన్ని తప్పించుకొనుటకే ఈ శాస్త్రాన్ని ఎంచుకున్నవారికి గణాంకాల పేపరు వద్ద చిక్కు ఎదురవుతుంది.

గణాంకాల అవసరం

ప్రజ్ఞ, ఆందోళన, జ్ఞాపకశక్తి వంటివి కొలబద్దకు నేరుగా అందవు. పరీక్షల మార్కులనుండి అంచనా వేయవలసినవే. వేర్వేరు పాఠ్యాంశాల మార్కుల మధ్య గల సహసంబంధం ఆధారంగానే 1904లో చార్లెస్ స్పియర్‌మన్ సాధారణ ప్రజ్ఞ అనే భావనను ప్రతిపాదించాడు.

నేటి ప్రజ్ఞా పరీక్షలలో సాధారణంగా సగటు 100, ప్రామాణిక విచలనం 15. ఒక బాలునికి 85 వచ్చినదనుకుందాం. విచలనం అంటే తెలియనివారు అతనిని మందబుద్ధిగా లెక్కగట్టే ప్రమాదమున్నది. నిజానికి 85 సగటుకు ఒక విచలనం మాత్రమే తక్కువ. ప్రతి 100 మందిలో సుమారు 16 మంది అంతకు దిగువనే ఉంటారు. బడిలో ఆ బాలుని చదువుపై నిర్ణయం ఈ ఒక్క లెక్క మీద ఆధారపడవచ్చును.

పాఠ్యాంశాలు

సగటు, మధ్యగతము, బాహుళకము, సహసంబంధము, సంభావ్యత, కై-వర్గ పరీక్ష, టి-పరీక్ష ముఖ్యమైనవి. టి-పరీక్షను 1908లో ప్రకటించినది మనస్తత్వవేత్త కాదు, గిన్నెస్ బీరు కర్మాగార ఉద్యోగి విలియం గాసెట్. స్నాతకోత్తర స్థాయిలో అనోవా, కారకాంశ విశ్లేషణ వస్తాయి. గణన ఇప్పుడు కంప్యూటరు చేస్తుంది. ఏ దత్తాంశానికి ఏ పరీక్ష తగునో నిర్ణయించవలసినది విద్యార్థియే.