జామ్ కథలో కూపన్

ఆఫీసు మీటింగుల్లో ఎవరో ఒకరు జామ్ కథ చెప్తూ ఉంటారు. 24 రకాలు పెడితే జనం కొనలేదు, 6 పెడితే కొన్నారు, కాబట్టి ఈ స్క్రీన్ మీద ఆప్షన్లు సగం తీసేద్దాం అని. ఏళ్ల తరబడి విన్నాక అసలు వ్యాసమే తెచ్చుకుని చదివాను. మీటింగుల్లో వినపడని సంగతులు అందులో చాలానే ఉన్నాయి.

షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ దాన్ని 2000లో ప్రచురించారు. ప్రయోగం జరిగింది కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, డ్రేగర్స్ అనే సూపర్ మార్కెట్లో. అక్కడ ఆలివ్ నూనెలే 75 రకాలట, జామ్‌లైతే 300 పైనే. రెండు శనివారాలు తలుపు దగ్గర్లో ఒక బల్ల వేసి విల్కిన్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ జామ్‌లు రుచి చూపించారు. గంటకోసారి సీసాలు మార్చారు: కాసేపు 24, కాసేపు 6. స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీ లాంటి అందరికీ తెలిసిన రుచులని కావాలనే పక్కన పెట్టారు. ఇది ముఖ్యం. ఆవకాయ కోసమే వెళ్ళినవాడు పక్కనున్న పాతిక పచ్చళ్ళని చూసి తికమకపడడు కదా.

24 సీసాల బల్ల దాటిన 242 మందిలో 145 మంది ఆగారు. 6 సీసాలప్పుడు 260 మందిలో 104 మంది. ఆగిన వాళ్ళందరి చేతిలో ఒక డాలరు తగ్గింపు కూపన్ పెట్టారు. చివరికి కొన్నవాళ్ళు, 24 వైపు నలుగురు, 6 వైపు 31 మంది.

కథ చెప్పేవాళ్ళు ఈ కూపన్‌ని వదిలేస్తారు. ఎక్కువ మందిని ఆపిన బల్ల దగ్గరే 141 మంది ఆ కూపన్ వాడకుండా వెళ్ళిపోయారు. డాలరు తగ్గుతుందని తెలిసినా సరే, ఏది కావాలో తేలలేదు. ఇంకోటి, జామ్ బల్ల దగ్గర అమ్మలేదు. కొనాలంటే లోపలికి, అరల దాకా వెళ్ళాలి. అక్కడ ఆ కంపెనీ రుచులన్నీ అందరికీ కనపడతాయి. 6 చూసినవాళ్ళకి కూడా! అంటే వాళ్ళ ఎంపిక బల్ల దగ్గరే చాలావరకూ అయిపోయి ఉంటుందని నాకనిపిస్తుంది.

తర్వాత 2004లో బారీ ష్వార్ట్జ్ పుస్తకం 'ది పారడాక్స్ ఆఫ్ చాయిస్' ఈ ఆలోచనని ఊరూరా తిప్పింది. 2010లో షైబెహెన్నె, మరో ఇద్దరు కలిసి 50 ప్రయోగాల ఫలితాలని ఒకచోట చేర్చి చూస్తే, సగటు ప్రభావం దాదాపు సున్నా. కొన్నిచోట్ల ఎక్కువ రకాలుంటే అమ్మకం తగ్గింది, కొన్నిచోట్ల పెరిగింది. 2015లో చెర్నేవ్ బృందం చేసిన విశ్లేషణ ప్రకారం, పోల్చడం కష్టమైనప్పుడూ తన ఇష్టమేంటో తనకే స్పష్టంగా తెలియనప్పుడూ మనిషి ఎక్కువగా ఇరుక్కుంటాడు. స్ట్రాబెర్రీని ఎందుకు తీసేశారో ఇక్కడ అర్థమవుతుంది.

డ్రేగర్స్ కూపన్‌కి లెక్కలు అక్కర్లేదు: ఆ కంపెనీ జామ్ ఏదైనా సరే, ఒక డాలరు తక్కువ. ఇవాళ ఫోన్ కొనబోతే ఈ కార్డుకి తగ్గింపు, ఆ కార్డుకి క్యాష్‌బ్యాక్, పాత ఫోన్‌కి ఎక్స్‌చేంజ్, ఫలానా రెండూ కలిపితే చెల్లవు. వస్తువులని పోల్చడం అయ్యాక ఆఫర్లని పోల్చాలి. ఆ పేజీలకి కోడ్ రాసేది మాలాంటివాళ్ళమే. ఆప్షన్లు తగ్గిద్దామని జామ్ కథ ఎత్తుకున్న వాళ్ళెవరూ, ఆఫర్లు తగ్గిద్దామని అనగా నేనింతవరకూ వినలేదు.