అంకెల నగరంలో ఊరి పేర్లు

మనం చదువుకునే రోజుల్లో చిరునామా అంటే ‘రామాలయం వెనక, రెండో సందు’. ఊరివాళ్ళకు అది చాలు. కొత్తవాడు మాత్రం నలుగురిని అడగాల్సిందే. కొత్తవాడికీ దారి తెలిసేలా కట్టిన నగరం చండీగఢ్.

1951లో లె కార్బూజియే బృందం ఆ నగరాన్ని సుమారు 1,200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు గల సెక్టార్లుగా గీసి, నంబర్లు వేసింది. శాసనసభ, హైకోర్టు ఉన్నది 1వ సెక్టారు. 4, 9, 17, 22 సెక్టార్లు వరుసగా వస్తాయి. పక్కపక్క అంకెలు కూడితే 13, 26, 39: అన్నీ పదమూడో ఎక్కమే! చిత్రమేమిటంటే, మొదటి ప్రణాళికలో 13వ సెక్టారే పెట్టలేదు. పెద్ద రోడ్ల పేర్లూ దారి చెబుతాయి: మధ్య మార్గ్‌కు దక్షిణాన ఉన్నది దక్షిణ మార్గ్.

కాని తొలి దశలో ఖాళీ చేయించిన పల్లెలు ఈ అంకెల్లో కనబడవు. తర్వాతి దశలో బురైల్, అటావా మిగిలాయి. బురైల్ ఉన్నది 45వ సెక్టారులో; జనం నోట ఇప్పటికీ బురైలే.

దారి చూపడానికి అంకె చాలు. అక్కడ ఎవరుండేవారో గుర్తుండాలంటే పేరు కావాలి. మన వీధులకు నంబర్లు వేసే రోజున పాత పేరునూ బోర్డు మీద ఉంచుదాం.