వస్తాదు ఎవరు? నల్లగొండ, పాలమూరు మెట్టనేలల కుస్తీ చరిత్రకు మాటల సాక్ష్యం

వ్యాససంగ్రహం:
పాతతరం మల్లుల జ్ఞాపకాలు కొన్నిచోట్ల గ్రంథస్థమయ్యాయి. మరికొన్నిచోట్ల అవి మనుషులతోపాటే వెళ్లిపోతున్నాయి. ఈ తేడాకు కారణం కుస్తీని నిర్వహించిన పద్ధతిలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బ్రిటన్‌లోని వృత్తికుస్తీని, ఉత్తరాంధ్ర మల్లుడు కోడి రామమూర్తినాయుడిని పోలికకు తీసుకొని, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల తాలీము సంప్రదాయాన్ని వాడుకమాటల ఆధారంగా ఎలా చదవవచ్చో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కుస్తీ, తాలీము, వస్తాదు, జెట్టి, పహిల్వాన్, మౌఖిక చరిత్ర, దక్షిణ తెలంగాణ.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి ఆటపాటలను, వినోదాలను చరిత్రకు తగిన విషయంగా నిలబెట్టినవారు సురవరం ప్రతాపరెడ్డి. పాలమూరు గడ్డపై పుట్టిన ఆయన, రాజవంశాల వరుసను పక్కనపెట్టి, కావ్యాలలోని వర్ణనల నుంచి ప్రజల తిండి, బట్ట, ఆట, పండుగలను ఏరి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రచించారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానికే లభించింది. సాహిత్యంలోని మాటను సామాజిక చరిత్రకు ఆధారంగా వాడుకోవడం ఆయన చూపిన దారి. కావ్యభాషకు వర్తించిన ఆ పద్ధతిని వాడుకభాషకూ వర్తింపజేసి, ఆయన పుట్టిన మెట్టనేలల కుస్తీ సంప్రదాయాన్ని చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. టిక్కెట్టు, కాగితం, జ్ఞాపకం:

పాత మల్లుల జ్ఞాపకాలను శ్రద్ధగా కూడబెట్టుకున్న సమాజాలలో బ్రిటన్ ఒకటి. అక్కడ రెండవ ప్రపంచయుద్ధం తరువాత వృత్తికుస్తీకి మౌంటెవాన్స్ నియమావళి ఏర్పడింది. 1952లో ప్రధాన నిర్వాహకులు జాయింట్ ప్రమోషన్స్ పేరుతో ఒక్కటయ్యారు. 1955లో ఐటీవీ కుస్తీపోటీల ప్రసారం మొదలుపెట్టింది. 1965 నుంచి శనివారం సాయంత్రాలలో 'వరల్డ్ ఆఫ్ స్పోర్ట్' కార్యక్రమంలో కుస్తీ చూడడం లక్షల కుటుంబాలకు అలవాటయింది. మిక్ మెక్‌మానస్, జాకీ పాలో, కెండో నాగసాకి, బిగ్ డాడీ, జెయింట్ హేస్టాక్స్ వంటి పేర్లు ఇంటింటా వినిపించాయి. 1988లో ప్రసారం ఆగిపోయింది. అయినా అభిమానులు ఆ మల్లుల వివరాలను నేటికీ సేకరిస్తూనే ఉన్నారు.

ఆ పోటీలలో చాలావాటి ఫలితం ముందే నిర్ణయమై ఉండేదన్నది నేడు దాపరికం లేని విషయం. అయినా ఆ జ్ఞాపకాల విలువ తగ్గలేదు. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ 1957లో వెలువడిన తన 'మిథాలజీస్' గ్రంథంలో, కుస్తీని ఆటగా కాక ప్రదర్శనగా చూడాలని వాదించాడు. ప్రేక్షకుడికి కావలసినది గెలుపోటముల నిజానిజాలకన్నా, బాధ, ఓటమి, న్యాయం కళ్లకు కట్టడమే అన్నది ఆయన వాదన సారం.

మన చర్చకు ఇక్కడ ముఖ్యమైనది మరొకటి. బ్రిటన్ కుస్తీ టిక్కెట్లమీద నడిచిన వ్యాపారం. టిక్కెట్టు అమ్మాలంటే గోడపత్రిక అచ్చువేయాలి, మల్లుడి పేరు పెద్దక్షరాలలో ఉండాలి, లెక్కలు రాసిపెట్టాలి. ఆ కాగితాలే తరువాతి పరిశోధకులకు ఆధారాలయ్యాయి.

భారతీయ మల్లులలో గామా కథ ఇంత స్పష్టంగా మిగలడానికీ ఇదే కారణం. 1910లో లండన్ వెళ్లిన గామా అమెరికన్ మల్లుడు బెంజమిన్ రోలర్‌ను ఓడించాడు. సెప్టెంబరు 10న పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కోతో తలపడ్డాడు. జిబిస్కో ఎక్కువసేపు నేలకు కరుచుకొని బోర్లా పడుకోవడంతో రెండున్నర గంటలు దాటినా ఫలితం తేలలేదు. వారం తరువాత మళ్లీ తలపడవలసిన రోజున జిబిస్కో రాలేదు. 'జాన్ బుల్' పట్టా గామాకు దక్కింది. తేదీలతో సహా ఈ వివరాలు తెలియడానికి లండన్ పత్రికలు కారణం.

తెలుగునాట దీనికి సాటి ఉదాహరణ కోడి రామమూర్తినాయుడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టి, సర్కసు నడిపి, 'కలియుగ భీముడు'గా పేరుపొందిన ఆయన 1942లో మరణించారు. గుండెలమీద ఏనుగును నిలిపిన కథ, ఇనుపగొలుసులు తెంచిన కథ నేటికీ చెప్పుకుంటారు. శ్రీకాకుళంలో ఆయన పేర క్రీడాప్రాంగణం ఉంది. విశాఖ సముద్రతీరంలో విగ్రహం ఉంది. ఆయన బలం సామాన్యమైనది కాదు. అయితే ఆ బలానికి సర్కసు డేరా, ప్రకటన, టిక్కెట్టు తోడయ్యాయన్నది కూడా గమనించాలి.

నిజాం రాజ్యంలోని మెట్ట జిల్లాల కుస్తీకి ఈ తోడు దొరకలేదు. అది తాలీములో సాధనగా, జాతరలో, ఉర్సులో, పండుగలో పోటీగా సాగింది. చూడడానికి టిక్కెట్టు అక్కరలేదు. గెలిచినవాడికి దక్కేది కొబ్బరికాయ, తలపాగా, వెండికడియం వంటి బహుమానం. వాయవ్య తెలంగాణ జాతరలలో కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండికడియం కుస్తీతో ముగిసే క్రమం ఇప్పటికీ కనిపిస్తుంది. అచ్చుకాగితం అవసరం లేని ఈ వ్యవస్థ తన జ్ఞాపకాన్ని మాటలలో దాచుకుంది.

3. జెట్టి: కావ్యశాస్త్రాల పొర:

ఈ మాటలలో రెండు పొరలు ఉన్నాయి. మొదటిది సంస్కృత, తెలుగు గ్రంథాల పొర. భారత విరాటపర్వంలో వంటవాడి వేషంలోని భీముడు జీమూతుడనే మల్లుడిని కూల్చడం, భాగవతంలో బలరామకృష్ణులు ముష్టికచాణూరులను చంపడం తెలుగు పాఠకుడికి చిరపరిచితాలు. మల్లుడు, రంగం, ముష్టి వంటి మాటలు ఈ మార్గాన వచ్చాయి.

ఈ ప్రాంతానికి దగ్గరి ఆధారం 'మానసోల్లాసం'. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధంలో కూర్చిన ఈ సంస్కృత గ్రంథంలో 'మల్లవినోదం' ఒక ప్రకరణం. మల్లుల వర్గీకరణ, సాధన, పోషణ, రాజు ఎదుట పోటీ జరిగే తీరు అందులో వర్ణితమయ్యాయి. నల్లగొండ దగ్గరి పానగల్లు కేంద్రంగా పాలించిన కందూరు చోడులు ఆ చాళుక్యుల సామంతులే. కాబట్టి ఈ గ్రంథం వర్ణించే ఆస్థాన సంస్కృతి మన మెట్టనేలలకు పరాయిది కాదు.

మల్లులలో శ్రేష్ఠుడిని సూచించే 'జ్యేష్ఠి' శబ్దం నుంచి తెలుగు 'జెట్టి' వచ్చింది. 'జగజెట్టి' అన్న మాట నేటికీ వాడుకలో ఉంది. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం జెట్టీలను వృత్తిమల్లులైన తెలుగు కులంగా పేర్కొంటూ, వారు ఒళ్లు మర్దించి, లేపనాలు రుద్ది నరాల నొప్పులకు చికిత్స చేస్తారని కూడా నమోదుచేసింది. హైదరాబాదు ప్రాంతంలో విరిగిన ఎముకకు కట్టుకట్టే నాటువైద్యుడిని నేటికీ 'పహిల్వాన్' అనే పిలుస్తారు. కాలం మారింది, మాట మారింది. శరీరాన్ని పడగొట్టడం తెలిసినవాడికి దానిని నిలబెట్టడమూ తెలుసన్న నమ్మకం మారలేదు.

4. వస్తాదు: తాలీము పొర:

రెండవ పొర ఫారసీ, అరబ్బీ భాషల నుంచి ఉర్దూ ద్వారా వచ్చింది. కుస్తీ, పహిల్వాన్, తాలీము, వస్తాదు, కసరత్తు మొదలైనవి ఈ కోవకు చెందుతాయి. వీటిలో రెండింటి అర్థపరిణామం మన చరిత్రకు కీలకం.

అరబ్బీలో 'తాలీమ్' అంటే బోధన, విద్య. దక్కనులో అది కసరత్తుశాలకు పేరయింది. మరాఠీలోనూ ఇదే అర్థం స్థిరపడింది. 'ఉస్తాద్' అంటే గురువు. తెలుగులో అది 'వస్తాదు'గా మారి, బలశాలి, మల్లుడు అన్న అర్థాన్ని సంతరించుకుంది. చదువుకు సంబంధించిన రెండు మాటలు శరీరసాధనకు పేర్లు కావడం యాదృచ్ఛికం కాదు. ఈ మాటలను వాడుకలోకి తెచ్చినవారికి గోదా ఒక బడి, మల్లుడు ఒక గురువు. వస్తాదుకు గౌరవం అతడు ఎంతమందిని పడగొట్టాడన్నదానితోపాటు ఎంతమందిని తయారుచేశాడన్నదానినిబట్టి కూడా వచ్చింది.

తెలుగు ఈ మాటలను తన వ్యాకరణంలో కలుపుకున్న తీరు కూడా గమనార్హం. 'కుస్తీ పట్టు' అన్న క్రియలో నామం ఫారసీది, క్రియ తెలుగుది. 'చిత్తుగా ఓడిపోవడం'లోని 'చిత్తు'ను, వీపు నేలకు తగిలేలా వెల్లకిలా పడడాన్ని సూచించే ఉర్దూ 'చిత్'తో పోల్చి చూడవచ్చు. పట్టువిడుపులు, పైచేయి, జబ్బచరచడం, బరిలోకి దిగడం వంటి పలుకుబళ్లను నేడు ఎన్నికల వార్తలలోనూ చదువుతున్నాం. కుస్తీ చూడని తరం కూడా కుస్తీభాషలోనే ఆలోచిస్తున్నది.

5. తాలీము, సమాజం, శరీరం:

మట్టిగోదాకు మొక్కి దిగడం, హిందువులు హనుమంతుడిని, ముస్లిములు అలీని తలచుకోవడం ఉత్తరాది నుంచి దక్కను వరకు కుస్తీలో కనిపించే ఆచారం. పీర్లపండుగను హిందువులూ జరుపుకునే తెలంగాణ పల్లెలలో ఇది వింతగా తోచదు.

అంతమాత్రాన తాలీమును కల్మషం ఎరుగని స్వర్గంగా ఊహించుకోరాదు. 1930ల నాటికి శరీరసాధన హైదరాబాదు రాజ్యంలో రాజకీయ విషయమయింది. సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 తెలంగాణ చరిత్ర విద్యార్థులకు సుపరిచితం. 1938-39 సత్యాగ్రహ కాలంలో ఆర్యసమాజం ఎత్తిచూపిన అభ్యంతరాలలో వ్యాయామశాలలపై ఆంక్షలు కూడా ఉన్నాయి. ఒకే గోదా మట్టి ఒకప్పుడు కలిపింది, మరొకప్పుడు విడదీసింది.

గోదాలో స్త్రీకి చోటు లేదన్నదీ మరువరాదు. 16వ శతాబ్దిలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్, అక్కడి రాజు కొలువులో కుస్తీపట్టే స్త్రీలను ప్రస్తావించాడు. తాలీము సంప్రదాయం ఆ తలుపు మూసివేసింది.

ఇక ఆర్థికకోణం. పహిల్వాన్ శరీరానికి పాలు, నెయ్యి, బాదములు, మాంసం కావాలి. పొలంపనికి పోకుండా సాధనచేసే తీరిక కావాలి. వానమీద ఆధారపడి జొన్న, సజ్జ పండించే మెట్టనేలలో ఇది ఎందరికి సాధ్యం? పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టిమోశారు. అదీ బలమే, కాని ఆ బలానికి ఎవరూ తలపాగా చుట్టలేదు. నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడు నీరు ఎముకలను బిగదీసి, వెన్నును వంచింది. నీటినుంచి ఫ్లోరైడును తొలగించే పద్ధతికి 1970లలో 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరు స్థిరపడింది. వస్తాదు నిటారుగా నిలిచిన శరీరాన్ని, ఈ వంగిన శరీరాన్ని ఒకే నేల చరిత్రలో పక్కపక్కన చదవాలి. ఒకదానిని మాత్రమే తలచుకుంటే మిగిలేది వేడుక, చరిత్ర కాదు.

6. జ్ఞాపకాన్ని చదివే పద్ధతి:

వృద్ధులు చెప్పే మల్లుల కథలలో కొన్ని అంశాలు పదేపదే వస్తాయి. మల్లుడి తిండికి లెక్క ఉండదు. ఎద్దులు చేయవలసిన పనిని ఒంటరిగా చేస్తాడు. ఎక్కడినుంచో వచ్చిన పరదేశి మల్లుడిని క్షణంలో చిత్తుచేస్తాడు. ఇవి ఒక ఊరివి కావు. భీముడి కథ నుంచి రామమూర్తి కథ వరకు నడిచిన కథాంశాలు. ఎవరు ఎవరిని ఓడించారన్నదానికి వీటిని సాక్ష్యంగా తీసుకోవడం కష్టం. ఓడిపోయినవాడి మనుమడు కథ చెప్పడు కూడా.

కాని అవే కథలు మరో ప్రశ్నకు నమ్మదగిన జవాబులిస్తాయి. తాలీము ఊరిలో ఎక్కడ ఉండేది, మట్టిని ఎవరు తెచ్చేవారు, వస్తాదు ఏ కులం, ఏ మతం, ఎవరిని చేర్చుకున్నాడు, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపాడు, విరిగిన చేతికి కట్టు ఎవరు కట్టారు? ఈ వివరాలు గొప్పకోసం చెప్పేవి కావు. మాటల మధ్యలో జారిపడేవి. క్షేత్రపరిశోధకుడు వీటినే పట్టుకోవాలి. హైదరాబాదులోని రాష్ట్ర పురాభిలేఖాలయపు నిజాం కాలపు పత్రాలతో, గోలకొండ పత్రిక సంచికలతో, దేవాలయ, దర్గా ఇనాము దస్త్రాలతో వీటిని సరిచూడాలి. ఇందుకు ఉర్దూ చదవగల తెలుగు పరిశోధకులు కావాలి. మన తెలుగుశాఖలలో అటువంటివారి సంఖ్య తగ్గిపోతుండడం ఈ విషయాన్ని మరింత అత్యవసరం చేస్తున్నది.

7. ముగింపు:

టిక్కెట్టు ఉన్నచోట కాగితం పుట్టింది, కాగితం ఉన్నచోట మల్లుడి పేరు మిగిలింది. బ్రిటన్ మల్లులకు, గామాకు, కోడి రామమూర్తికి దక్కిన ఈ భాగ్యం మెట్టనేలల వస్తాదులకు దక్కలేదు. తత్ఫలితంగా మన ఊహలో రెండు బొమ్మలే నిలిచాయి. ఒకటి, జాతిగౌరవానికి ప్రతీకగా విగ్రహమైన మహాబలుడు. రెండు, నగరంలో భూతగాదాలు తీర్చే కండబలానికి పేరుపడిన పహిల్వాన్. ఈ రెండింటి మధ్య, తెల్లవారుజామున మట్టి తిరగేసి పిల్లలకు పట్లు నేర్పిన గురువు కనుమరుగవుతున్నాడు.

అతడి పేరు దస్త్రంలో దొరకకపోయినా, అతడు చేసిన పని 'వస్తాదు', 'తాలీము' అన్న రెండు మాటలలో భద్రంగా ఉంది. ఆ మాటలకు నిఘంటువులలో బలశాలి, కసరత్తుశాల అన్న అర్థాలతోపాటు గురువు, బడి అన్న తొలి అర్థాలనూ జిల్లాలవారీ ప్రయోగాలతో చేర్చడం తెలుగు పరిశోధకుడు వెంటనే చేపట్టదగిన పని. ఆ ప్రయోగాలను నోటితో చెప్పగల చివరితరం ఇంకా మన మధ్యనే ఉంది.