కొలిచి పోసిన పెట్రోలు

వేగమునకును పొదుపునకును పొత్తు కుదరదని లోకములో ఒక నమ్మకము ఉన్నది. పందెపు కారు అనగానే మన మనస్సులో మెదలునది దాని పరుగు, దాని హోరు. అది ఎంత పెట్రోలు త్రాగినదని విచారించువారు అరుదు. పొదుపు మాటను బస్సులకు, లారీలకు, ఇంటిల్లిపాదిని మోసుకుపోవు చిన్న కార్లకు వదలివేసినాము. కాని మోటారు వాహనముల చరిత్రలో కొన్ని సంవత్సరములు ఇందుకు పూర్తిగా విరుద్ధముగా గడచినవి. మిక్కిలి వేగము గల కార్లకు పెట్రోలును కొలిచి పోసి, ఇక చుక్క కూడ ఇవ్వమని చెప్పి పందెమునకు పంపిన కాలము అది. టర్బోఛార్జరు అను పరికరము యొక్క నిజమైన విలువ బయటపడినదియు ఆ కాలముననే. ఆ కథను కొంత వివరముగా చెప్పుకొందాము.

ముందుగా ఆ పరికరము సంగతి. కొలిమిలో నిప్పు రాజుకొనవలెనన్న తిత్తితో గాలి కొట్టవలెను. ఇంజనులోను అంతే. సిలిండరులోనికి పోయిన గాలిని బట్టియే పెట్రోలు మండును. మండగా పుట్టిన వేడిలో రమారమి మూడవ వంతు పొగగొట్టము గుండా వృథాగా వెలుపలికి పోవును. ఇట్లు పోవు పొగతోనే ఒక చిన్న చక్రమును త్రిప్పి, దానితో ఇంకొక చక్రమును త్రిప్పి, ఇంజనులోనికి అదనపు గాలిని ఎక్కించవచ్చునని స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి ఊహించి 1905లో పేటెంటు పొందినాడు. 1920 దశకములో జర్మనీ ప్రయాణీకుల ఓడలలో ఈ ఏర్పాటు చేయగా, 1750 అశ్వశక్తి గల డీజిలు ఇంజను 2500 అశ్వశక్తిని ఇచ్చినది. అనగా పుట్టుకచేత ఇది పొదుపు పరికరమే. పారవేసిన దానిని ఏరుకొని మరల పనికి పెట్టుటయే దీని ధర్మము.

అటువంటిది పెట్రోలు కారులోనికి వచ్చుసరికి దుబారాకు మారుపేరు అయినది. ఇందుకు కారణము ఉన్నది. గాలిని ఒత్తినచో వేడెక్కును. ఆ వేడికి పెట్రోలు మిశ్రమము సమయము కాకమునుపే తనంత తాను అంటుకొని, సుత్తితో కొట్టినట్లు పిస్టనును దెబ్బ తీయును. ఈ దెబ్బను తప్పించుకొనుటకు రెండు ఉపాయములు ఉండెను. మొదటిది, సిలిండరులో మిశ్రమమును నొక్కు నిష్పత్తిని తగ్గించుట. దీనివలన ఇంజను బ్రదుకును గాని, ప్రతి చుక్క నుండి రావలసిన పని తగ్గిపోవును. రెండవది, మండుటకు అవసరమైన దానికంటె ఎక్కువ పెట్రోలు పోయుట. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. అంతకు మించి పోసిన పెట్రోలు మండదు. ఆవిరియై లోపలి వేడిని చల్లార్చి బయటికి పోవును. ఇంజనును చల్లబరచుటకు నీటికి బదులు పెట్రోలు వాడినట్లన్న మాట.

రేడియోను శ్రుతి చేసినట్లే ఇంజనును కూడ శ్రుతి చేయువారు ఉన్నారు. దీనినే ట్యూనింగు అందురు. మన ఇంట మర ఇటు అటు త్రిప్పి స్టేషను స్పష్టముగా వినబడు చోట ఆగుదుము. ఇంజను శ్రుతి చేయువారు మాత్రము చాలవరకు ఆగుచోట ఆగలేదు. గాలి ఒత్తిడిని పెంచుచు పోవుట, అందుకు తగినట్లు పెట్రోలును కుమ్మరించుట వారి మార్గమైనది.

ఈ మార్గమునకు మొదటి పెద్ద దెబ్బ 1973లో తగిలినది. ఆ సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో బి.ఎమ్.డబ్ల్యు. సంస్థ 2002 టర్బో అను కారును చూపినది. రెండు లీటర్ల ఇంజనుతో 170 అశ్వశక్తి. ముందు పోవువాడు తన అద్దములో చూచుకొని దారి ఇచ్చునట్లు 'టర్బో' అను అక్షరములను కారు ముందు భాగమున కుడి ఎడమలు తారుమారుగా, అద్దములో సరిగా కనబడునట్లు వ్రాయించినారు. నొక్కు నిష్పత్తి మాత్రము 6.9 మాత్రమే. తరువాతి నెలలోనే అరబ్బు దేశములు చమురు ఎగుమతులపై నిషేధము విధించినవి. పీపా మూడు డాలర్లకు దొరకిన ముడిచమురు కొన్ని నెలలలోనే పన్నెండు డాలర్లకు చేరువ అయినది. పశ్చిమ జర్మనీలో నవంబరు 25 మొదలుకొని నాలుగు ఆదివారములు కార్లు నడుపరాదని ప్రభుత్వము శాసించినది. కార్లు లేని రహదారులపై జనులు కాలినడకన, సైకిళ్లపై తిరిగినారు. ఆ కాలములో ఈ కారు కంటగింపు కాక మరేమగును? 1672 కార్లతోనే దాని ఉత్పత్తి ముగిసినది.

పాఠము నేర్చినవారు లేకపోలేదు. 1974లో 911 టర్బోను తెచ్చిన పోర్షె సంస్థ, కొన్నేండ్లకు 3.3 లీటర్ల ఇంజనులో ఇంటర్‌కూలరు అమర్చినది. ఒత్తిన గాలిని ఇంజనులోనికి పోకముందే చల్లార్చు పరికరమిది. చల్లార్చుటకు గాలియే చాలినప్పుడు పెట్రోలు ఎందుకు వృథా చేయవలెను? స్వీడనుకు చెందిన సాబ్ సంస్థ ఇంజను లోపలి దెబ్బను వినగల చెవి వంటి పరికరమును అమర్చి, దెబ్బ వినబడినప్పుడే ఒత్తిడి తగ్గునట్లు చేసినది. నొక్కు నిష్పత్తి మరల పెరుగుటకు ఈ విధముగా దారి ఏర్పడినది.

అసలైన పరీక్ష 1982లో వచ్చినది. ఆ సంవత్సరము స్పోర్ట్స్ కార్ల ప్రపంచ పందెములకు 'గ్రూపు సి' అను కొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. అంతవరకు ఇంజను పరిమాణమునకు హద్దు పెట్టుట ఆచారము. ఇప్పుడు ఇంజను మీ ఇష్టము, ఇంధనము మాత్రము మా కొలత అన్నారు. తొట్టి నూరు లీటర్లు. వేయి కిలోమీటర్ల పందెములో అయిదుసార్లు నింపుకొనవచ్చును; అనగా మొత్తము 600 లీటర్లు. ఫ్రాన్సులోని లెమాన్ నగరమున జరుగు ఇరువదినాలుగు గంటల పందెమునకు 2600 లీటర్లు.

పోర్షె వారు ఇందుకై 956 అను కారును నిర్మించినారు. 2.65 లీటర్ల ఇంజను, రెండు టర్బోలు, ఆరు వందలకు పైగా అశ్వశక్తి. ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో దాని తొలి పందెము ఆరు గంటలది. ఆరు గంటలలో ఆ కారు వేయి కిలోమీటర్లు దాటి పోగలదు. చేతనున్న పెట్రోలు వేయి కిలోమీటర్ల లెక్కకే. అందుచేత వేగము గల కారు కావలెనని నెమ్మదించవలసి వచ్చినది. ఇంధన పరిమితి లేని పాత తరగతికి చెందిన లాంచియా కారు గెలిచినది. ఇది పందెము కాదు, పొదుపు పరీక్ష అని ఆక్షేపించినవారు అనేకులు. కాని మరుసటి నెలలో లెమాన్‌లో 1, 2, 3 సంఖ్యలు గల మూడు 956 కార్లు అదే వరుసలో మొదటి మూడు స్థానములను గెలుచుకొన్నవి. జాకీ ఇక్స్, డెరెక్ బెల్ నడిపిన మొదటి కారు 4899 కిలోమీటర్లు పోయినది.

1984లో ఇంధనమును 15 శాతము తగ్గించుదుమని చెప్పిన అధికారులు తీరా సమయమునకు ఆ మాట వెనుకకు తీసుకొన్నారు. పొదుపునకై శ్రమించిన పోర్షె సంస్థ నిరసనగా ఆ యేడు లెమాన్‌కు తన కార్లను పంపలేదు. యోస్ట్ అను ప్రయివేటు జట్టు వారి 956 కారు 4900 కిలోమీటర్లతో గెలిచినది. 1985లో తగ్గింపు అమలైనది. 2600 లీటర్లు 2210 అయినవి. ఈసారి సంస్థ తన కొత్త 962 కార్లతో వచ్చినది. యోస్ట్ జట్టు మాత్రము మునుపటి యేడు గెలిచిన కారునే మరల తెచ్చినది.

ఇచట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ఇంధనము తగ్గినప్పుడు దూరము కూడ తగ్గవలెను గదా? జరిగినది వేరు. క్లౌస్ లుడ్విగ్, పావొలో బరిల్లా, 'జాన్ వింటర్' అను మారుపేరు గల మరియొకరు నడిపిన ఆ పాత కారు 5088 కిలోమీటర్లు పోయినది. తక్కువ పెట్రోలుతో మునుపటికంటె 188 కిలోమీటర్లు అధికము! రెండవ స్థానము కూడ ఒక ప్రయివేటు 956దే. కార్ఖానా వారి కారు మూడవదిగా వచ్చినది.

ఇందులో మాయ లేదు. పెట్రోలును, నిప్పురవ్వను ఎలెక్ట్రానిక్ సాధనము క్షణక్షణము కొలిచి ఇచ్చినది. తొలి గంటలలో ఆ రెండు ప్రయివేటు కార్లు ఒకదాని వెనుక ఒకటి పోవుచు, ముందుది చీల్చిన గాలి చాటున వెనుకది, వంతులు మార్చుకొనుచు పరుగెత్తినవి. మలుపు రాకమునుపే కాలు తేలిక చేయుట, అవసరము లేని చోట గాలి ఒత్తిడి మరను తగ్గించుట డ్రైవర్ల వంతు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకొనవలెనన్న మన సామెతను వారు గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగమున పాటించినారు.

ఫార్ములా వన్ పందెములలోను ఇదే కథ. 1984లో 220 లీటర్లు, 1986లో 195, 1988లో టర్బో కార్లకు 150. 1985లో ఇటలీలోని ఇమోలాలో ముందున్న ఐర్టన్ సెన్నాకు పెట్రోలు అయిపోయినది. అతని తరువాత ముందుకు వచ్చిన స్టెఫాన్ యోహాన్సన్‌కును అయిపోయినది. 1986లో హాకెన్‌హైమ్‌లో అలెన్ ప్రాస్ట్ తన కారును గమ్యము వైపు చేతులతో నెట్టవలసి వచ్చినది. అయినను 1988లో, పరిమితి లేక పెట్రోలు వాడుకొన్న టర్బో రహిత కార్లతో పోటీపడి, 150 లీటర్ల మెక్‌లారెన్ హోండా కార్లు పదునారు పందెములలో పదునైదు గెలిచినవి.

ఇప్పుడు రహదారులపై తిరుగు అనేక కార్లలో చిన్న ఇంజను, దానికి ఒక టర్బో ఉండుట సామాన్యమైనది. మెల్లగా నడిపినవారికి అది బ్యూకి తలచిన పొదుపును ఇచ్చుచున్నది. శక్తి కొరకు శ్రుతి మించి, కాలు అదిమి నడిపినవారి పెట్రోలును అదే పరికరము ఆవిరి చేయుచున్నది. పరికరము ఒక్కటే, వాడుక రెండు విధములు. ఇంధనము సమృద్ధిగా ఉన్నంతకాలము ఇంజనీర్ల తెలివి బలమును పెంచుటకే వ్యయమైనది. కొలత వచ్చిన నాడు ఆ తెలివియే వృథాను వెదకి పట్టుకొన్నది. భూగర్భములోని చమురునకు కూడ ఒక కొలత ఉన్నది. ఆ కొలతను ఎవరో వచ్చి విధించువరకు మనము వేచి ఉండనక్కరలేదు.